పదివేల దుకాణం, రాష్ట్రం దాటలేని కుర్తీ

పదివేల రూపాయలతో ఇంటర్నెట్‌లో బట్టల దుకాణం తెరవడం సాధ్యమేనా? సాధ్యమే. అంతకన్నా తక్కువతో తెరిచినవారు ఈ దేశంలో ప్రతి పట్టణంలోనూ కనిపిస్తారు. కనుక అసలు అడగవలసిన ప్రశ్న అది కాదు. ఆ దుకాణం రెండో ఏటికి మిగులుతుందా, మిగలకపోతే అది నడిపిన మనిషి చేతకానితనమా, లేక ఢిల్లీలోనూ రాష్ట్ర రాజధానుల్లోనూ కూర్చున్నవారు రాసిన నిబంధనల ఫలితమా అన్నది అడగాలి. చిన్న వ్యాపారం గురించి మాట్లాడేటప్పుడు మన రాజకీయ నాయకులు మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. ప్రారంభోత్సవాలకు రిబ్బను ఉంటుంది, మూతపడటానికి ఉండదు.

2018 జనవరిలో ఒక టీవీ ఇంటర్వ్యూలో ప్రధాని నరేంద్ర మోదీ, పకోడీలు అమ్మి సాయంత్రానికి 200 రూపాయలు ఇంటికి తీసుకెళ్లే మనిషిది ఉపాధి కాదా అని అడిగారు. ప్రతిపక్షం ఎద్దేవా చేసింది, అధికారపక్షం శ్రమ గౌరవం గురించి ఉపన్యాసాలు ఇచ్చింది. రెండు పక్షాలూ వదిలేసిన విషయం ఒకటుంది. ఈ దేశంలో అధిక సంఖ్యాకులు చేస్తున్నది అదే పని. 2023–24 శ్రామికశక్తి సర్వే ప్రకారం పనిచేస్తున్నవారిలో 58.4 శాతం మంది స్వయం ఉపాధిలో ఉన్నారు. మహిళల్లో ఆ వాటా 67.4 శాతం. ఇంటి వ్యాపారంలో జీతం లేకుండా చాకిరీ చేసేవారిని కూడా ఈ లెక్కలోనే కలిపారని గుర్తుంచుకోవాలి. ఇప్పుడు పకోడీ బండి స్థానంలోకి ఫోన్ వచ్చింది. బండికి మున్సిపాలిటీ, పోలీసు మాత్రమే యజమానులు. ఫోన్ దుకాణానికి యజమానులు ఎక్కువ.

లెక్క వేస్తే విషయం తేటపడుతుంది. ఎన్టీఆర్ జిల్లా జగ్గయ్యపేటలో డిగ్రీ చదివిన ఒక గృహిణి ఉన్నదనుకుందాం. ఆమె చేతిలో డ్వాక్రా పొదుపులోంచి తీసిన పదివేలు ఉన్నాయి. వెబ్‌సైట్ పేరుకు ఏడాదికి సుమారు 800, దాన్ని ఉంచే సర్వర్ స్థలానికి 2,500. దుకాణం నడిపే సాఫ్ట్‌వేర్‌కు పైసా అక్కరలేదు. వర్డ్‌ప్రెస్, దానిమీద నడిచే వూకామర్స్ ఉచితమే. ఓపెన్‌కార్ట్ కూడా అంతే. ఫోన్ నిలబెట్టే స్టాండు, ఒక దీపం వెయ్యి రూపాయలు. ప్లాస్టిక్ కవర్లు, టేపు, చిరునామా చీటీలు 700. ఇక్కడికి సగం డబ్బు అయిపోయింది. మిగిలిన 5,000తో ఆమె బస్సెక్కి విజయవాడ వస్త్రలతకు వెళుతుంది.

హోల్‌సేల్‌లో కుర్తీ 250కి దొరుకుతుందనుకుంటే 20 కుర్తీలు వస్తాయి. కానీ ఆమె కోరిన 20 కావు. హోల్‌సేల్ వ్యాపారి విడిగా ఇవ్వడు, సెట్టుగా ఇస్తాడు. ఒక డిజైనులో ఎమ్, ఎల్, ఎక్స్‌ఎల్, డబుల్ ఎక్స్‌ఎల్ నాలుగూ కలిపి తీసుకోవాలి. అంటే ఆమె దుకాణంలో ఉన్నవి ఐదు డిజైన్లు మాత్రమే. వాటిలో రెండు సైజులు చకచకా అమ్ముడుపోయి మిగతా రెండూ నిలిచిపోతే 2,500 రూపాయలు బీరువాలో మడతపెట్టి ఉన్నట్లే. ఆ డబ్బు తిరిగితే తప్ప రెండో దఫా సరుకు రాదు. బట్టల వ్యాపారంలో తరతరాలుగా ఉన్నవారికి ఇది అ ఆ ఇ ఈ. సగం సైజులు మిగిలిపోయిన సరుకును ఎక్కడ దింపుకోవాలో వారికి తెలుసు. స్వయం ఉపాధి శిక్షణ శిబిరాల్లో మాత్రం లోగో ఎలా తయారుచేయాలో చెబుతారు.

కుర్తీని 450కి అమ్మితే 200 మిగులుతుంది. కొరియర్‌కు 70, ప్యాకింగుకు 10 పోతే 120. కొనుగోలుదారు రంగు నచ్చలేదనో, డెలివరీ సమయానికి ఇంట్లో లేననో వెనక్కి పంపితే పోను 70, రాను 70, చినిగిన కవరు 10. మొత్తం 150. ఒక కుర్తీ తిరిగొస్తే ఇంకొక కుర్తీ మీద వచ్చిన లాభం మొత్తం పోయి, పైగా 30 రూపాయలు చేతినుంచి పడతాయి. సరుకు అందాక డబ్బు ఇచ్చే పద్ధతి లేకుండా చిన్న పట్టణాల్లో అమ్మకం కష్టం. ఆ పద్ధతి ఉంటే తిరిగొచ్చే పొట్లాలూ తప్పవు. పెద్ద కంపెనీలు ఈ నష్టాన్ని పెట్టుబడిదారుల డబ్బుతో ఏళ్ల తరబడి భరించి కొనుగోలుదారుకు ఒక అలవాటు నేర్పాయి. ఆ అలవాటు ఖర్చు ఇప్పుడు జగ్గయ్యపేట గృహిణి పొదుపులోంచి వెళుతోంది.

ఇంతవరకూ చెప్పింది వ్యాపారం. ఇందులో లాభనష్టాలు ఆమె నేర్పు మీద కొంత, అదృష్టం మీద కొంత ఆధారపడతాయి. ఇకమీద చెప్పేది రాజకీయం.

జగ్గయ్యపేట నుంచి కోదాడ గంట ప్రయాణం కూడా కాదు. పెళ్లిళ్లు, వైద్యం, సంత అన్నీ ఇటూ అటూ నడుస్తూనే ఉంటాయి. కానీ 2014 జూన్ 2 నుంచి ఆ రెంటి మధ్య రాష్ట్ర సరిహద్దు ఉంది. 2017 జూలై 1 నుంచి ఆ సరిహద్దుకు కొత్త అర్థం వచ్చింది. కేంద్ర జీఎస్టీ చట్టం 24వ సెక్షన్ ప్రకారం పన్ను పరిధిలోని వస్తువును ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి అమ్మేవారు తప్పనిసరిగా నమోదు కావాలి. అమ్మకం ఎంత చిన్నదైనా సరే. ఆంధ్రప్రదేశ్‌లో వస్తువుల వ్యాపారికి 40 లక్షల వార్షిక అమ్మకాల వరకు నమోదు అక్కరలేదు. కానీ ఆ మినహాయింపు రాష్ట్రం లోపలి అమ్మకానికే. అనంతపురం కొనుగోలుదారుకు వంద కుర్తీలు పంపినా జీఎస్టీ నంబరు అవసరం లేదు. కోదాడకు ఒక్క కుర్తీ పంపాలంటే అవసరం.

బజారులో గదిని అద్దెకు తీసుకున్న దుకాణదారుకు ఈ నిబంధన ఎన్నడూ తగలదు. అతని కొనుగోలుదారులు కాలినడకన వస్తారు. కోదాడ నుంచి వచ్చి కొనుక్కుపోయినా ఎవరూ అడగరు. వెబ్‌సైట్‌కు గుమ్మం లేదు. దాని ఉపయోగమే ఎక్కడివారైనా కొనగలగడం. ఆ ఉపయోగాన్నే చట్టం నేరుగా దెబ్బతీస్తోంది. ఒకే దేశం, ఒకే మార్కెట్, ఒకే పన్ను అన్న నినాదంతో, పార్లమెంటు సెంట్రల్ హాల్లో అర్ధరాత్రి సమావేశంతో వచ్చిన పన్ను ఇది. అతి చిన్న వ్యాపారి విషయంలో మాత్రం అది ప్రతి రాష్ట్రాన్నీ విడివిడి మార్కెట్టుగా చూస్తోంది.

నమోదు చేయించుకుంటే పోలేదా అని అడిగేవారు ఉంటారు. నమోదుకు ప్రభుత్వం రుసుము తీసుకోదు, నిజమే. 2025 నవంబరు నుంచి రిస్కు తక్కువగా ఉన్న చిన్న దరఖాస్తుదారులకు మూడు పనిదినాల్లోనే నంబరు ఇచ్చే ఏర్పాటు కూడా వచ్చింది. అది మంచి మార్పు. కానీ నంబరు చేతికి రావడంతో కథ మొదలవుతుంది, ముగియదు. అమ్మకం లేని నెలకు కూడా రిటర్ను వేయాలి, లేదా మూడు నెలలకోసారి వేసే పద్ధతి ఎంచుకోవాలి. మరచిపోతే శూన్య రిటర్నుకు సైతం రోజుకు 20 రూపాయల ఆలస్య రుసుము పడుతుంది. ఆ పని చేసిపెట్టే అకౌంటెంటుకు నెలకు 500 ఇచ్చినా, పైన వేసిన లెక్క ప్రకారం అది నాలుగు కుర్తీల లాభానికి మించిపోతుంది. ఐదు డిజైన్ల దుకాణంలో నెలకు ఎన్ని కుర్తీలు అమ్ముడవుతాయో ఊహించడం కష్టం కాదు. చిన్నవారికోసం కాంపోజిషన్ అనే సులభ పద్ధతి ఉంది కదా అంటే, అందులో చేరినవారికి రాష్ట్రం దాటి అమ్మే హక్కు అసలే లేదు.

పెద్ద వేదికల మీద అమ్మేవారి విషయంలో జీఎస్టీ మండలి కొంత కదిలింది. 2023 అక్టోబరు 1 వరకు అటువంటి వేదిక మీద ఒక్క వస్తువు అమ్మినా నమోదు తప్పనిసరి. ఆ తేదీ నుంచి పరిమితి లోపల ఉన్న చిన్నవారికి సడలింపు ఇచ్చారు. పాన్ ఉండాలి, పోర్టల్‌లో ఒక ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకోవాలి, రాష్ట్రం దాటి అమ్మకూడదు. మళ్లీ అదే గోడ. చేతివృత్తుల వస్తువులకు, వాటిలో చేనేతకూ, రాష్ట్రం దాటే అమ్మకానికి 2017 సెప్టెంబరులోనే షరతులతో మినహాయింపు వచ్చింది. ఆ షరతుల్లో ఒకటి ఈ-వే బిల్లు. మామూలు వ్యాపారి 50 వేలు దాటిన సరుకుకు తీసే ఆ బిల్లును, నమోదులేని చేతివృత్తిదారు రాష్ట్రం దాటించే సరుకు విలువ ఎంతైనా తీయాలి. రెండువేల చీరకైనా తీయాలి. మినహాయింపు ఇచ్చిన చేతితోనే చిన్నవాడి మీద పెద్దవాడికన్నా ఎక్కువ కాగితం మోపడం మన పాలనలో కొత్త కాదు.

తెలంగాణ విషయంలో మరొక మాట చెప్పాలి. వస్తువుల వ్యాపారికి నమోదు పరిమితిని 2019 ఏప్రిల్‌లో చాలా రాష్ట్రాలు 20 లక్షల నుంచి 40 లక్షలకు పెంచాయి. తెలంగాణ 20 లక్షల దగ్గరే ఉండిపోయింది. చీరాలలో చీరలమ్మే వ్యక్తికీ భూదాన్ పోచంపల్లిలో అమ్మే వ్యక్తికీ ఒకే మగ్గం, ఒకే కష్టం. పరిమితి మాత్రం సగం. రెండు పార్టీల ప్రభుత్వాలు మారినా ఈ తేడా హైదరాబాద్‌లో ఎన్నికల అంశం కాలేదు.

నమోదులో మహిళలకు ప్రత్యేకంగా తగిలే చిక్కు ఒకటుంది. వ్యాపార స్థలానికి రుజువు కావాలి. విద్యుత్ బిల్లు, ఇంటి పన్ను రసీదు లేదా అద్దె ఒప్పందం. ఇల్లు మామగారి పేరున ఉంటే ఆయన సమ్మతి పత్రం. ఇంట్లో ఒక మూల బీరువాలో నడిచే వ్యాపారానికి ఇంటి పెద్ద సంతకం తేవడమంటే వ్యాపారం మొదలుపెట్టకముందే ఇంట్లో ఒక అసెంబ్లీ సమావేశం నడపడమే. ఇక 2020 జూలైలో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనలు అమ్మకందారు చట్టబద్ధమైన పేరు, చిరునామా, సంప్రదింపు వివరాలు కొనుగోలుదారుకు తెలియజేయాలంటాయి. ఫిర్యాదుల అధికారిని నియమించాలనీ, ఆ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్లు తెలపాలనీ అంటాయి. ఒంటరిగా నడిపే దుకాణంలో ఆమే యజమాని, ఆమే గుమాస్తా, ఆమే ఫిర్యాదుల అధికారి. నవ్వుకుని వదిలేయవచ్చు. కానీ ఆమె ఇంటి చిరునామా, ఫోను నంబరు అపరిచితులందరికీ తెలియడం నవ్వుకునే విషయం కాదు.

కొనుగోలుదారుకు రక్షణ అక్కరలేదని దీని అర్థం కాదు. సోషల్ మీడియాలో పట్టుచీర ఫొటో చూపి పాలిస్టర్ పంపినవారు, డబ్బు తీసుకుని మాయమైనవారు లెక్కలేనంతమంది. మోసపోయేవారూ పేదలే. అమ్మే మనిషి ఎవరో తెలియాలన్న కోరిక న్యాయమైనది. అయితే ఎవరో తెలియడం వేరు, నెలనెలా పన్ను కాగితాలు నింపడం వేరు. ఈ రెంటినీ ఒకే కట్టగా కట్టడంలోనే లోపం ఉంది. బంగ్లాదేశ్ ఈ సమస్యను మనకన్నా తీవ్రంగా చూసింది. అక్కడ 2021లో పెద్ద ఆన్‌లైన్ కంపెనీలు ముందస్తు సొమ్ము తీసుకుని వేలాది కొనుగోలుదారులను ముంచిన తర్వాత, ఫేస్‌బుక్ పేజీల మీద అమ్మేవారికి సైతం ఒక డిజిటల్ వ్యాపార గుర్తింపు సంఖ్య ఇచ్చే పద్ధతిని 2022లో తెచ్చారు. మన దగ్గర అటువంటిది కొత్తగా కనిపెట్టనక్కరలేదు. ఆధార్ ఆధారంగా ఉచితంగా ఇచ్చే ఉద్యం నమోదు 2020 జూలై నుంచి ఉంది. జీఎస్టీ లేని అతి చిన్న సంస్థలకోసం ఉద్యం అసిస్ట్ వేదికను 2023 జనవరిలో ప్రారంభించారు. ఒక మంత్రిత్వశాఖ ఇచ్చిన గుర్తింపును మరొక మంత్రిత్వశాఖ గుర్తించకపోవడమే సమస్య.

గుర్తింపుకీ వేధింపుకీ మధ్య గీత ఎంత సన్ననిదో 2025 జూలైలో బెంగళూరు చూపించింది. యూపీఐ ద్వారా వచ్చిన సొమ్ము లెక్కలు తీసి కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ చిన్న దుకాణదారులకు నోటీసులు పంపింది. పాల దుకాణాలు, కూరగాయల అంగళ్లు యూపీఐ లేదు, నగదే అని బోర్డులు పెట్టాయి. చివరకు ముఖ్యమంత్రి సిద్ధరామయ్య జోక్యం చేసుకుని, నమోదు చేసుకునేవారి నుంచి పాత బకాయిలు వసూలు చేయబోమని చెప్పవలసి వచ్చింది. పరిమితి దాటినవారు పన్ను పరిధిలోకి రావలసిందే, అందులో వాదన లేదు. కానీ డిజిటల్ చెల్లింపును దేశభక్తిగా ప్రచారం చేసిన రాజ్యం అదే చెల్లింపు జాడను పట్టుకుని వస్తుందన్న భయం చిన్న వ్యాపారుల్లో కలిగిందంటే, ఆ భయం తొలగించే బాధ్యత రాజ్యానిదే. ఇందులో కేంద్రంలోని బీజేపీకీ, బెంగళూరులోని కాంగ్రెస్‌కూ తేడా వెతకడం వృథా.

ఇప్పుడు ఖర్చులన్నిటిలో పెద్దదానికి రావాలి. దుకాణం తెరవడం చౌక, కనబడటం ఖరీదు. వెబ్‌సైట్ తెరిచి కూర్చుంటే ఎవరూ రారు. గూగుల్‌కో మెటాకో ప్రకటన డబ్బు కట్టాలి. ఒకే రకం కుర్తీ అమ్మేవారు ఎక్కువయ్యేకొద్దీ ఒకరిమీద ఒకరు వేలం పాడుతున్నట్లు ప్రకటన ధర పెరుగుతుంది. పాట పాడేది అమ్మకందారులు, సొమ్ము చేరేది కాలిఫోర్నియాకు. ప్రకటన బిల్లుమీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. నమోదైన పెద్ద కంపెనీ ఆ పన్నును తన పన్నులో తగ్గించుకుంటుంది, నమోదులేని చిన్న దుకాణానికి అది నికరమైన ఖర్చు. విదేశీ కంపెనీల ఆన్‌లైన్ ప్రకటనల ఆదాయంమీద 2016 జూన్ నుంచి ఉన్న 6 శాతం సమాన లెవీని 2025 ఏప్రిల్ 1 నుంచి ఎత్తివేశారు. అమెరికాతో వాణిజ్య చర్చలు సాగుతున్న రోజులవి. అగ్రరాజ్యం అడిగితే పన్ను పోతుంది. జగ్గయ్యపేట అడగాలంటే ముందు ఎవరిని అడగాలో తెలియాలి.

పెద్ద వేదికల మీద అమ్ముకోవచ్చు కదా అంటే, అక్కడ కనబడటానికీ ప్రకటనే దారి. కమిషను లేదని చెప్పే వేదికలు సైతం ప్రకటనల మీదా రవాణా మీదా ఆదాయం చూసుకుంటాయి. పైగా వేదికే అంపైరుగా ఉంటూ ఆటగాడికి వాటాదారు కావడం మన దగ్గర చాలాకాలం నడిచింది. విదేశీ పెట్టుబడి ఉన్న వేదికలు తమకు వాటా ఉన్న సంస్థల సరుకును అమ్మరాదని 2018 డిసెంబరులో కేంద్రం ప్రెస్ నోట్ 2 ఇచ్చింది. సార్వత్రిక ఎన్నికలకు కొన్ని నెలల ముందు వ్యాపారుల సంఘాల ఆగ్రహాన్ని చల్లార్చేందుకు వచ్చిన నోటు అది. అయినా విషయం సరైనదే. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ కొందరు అమ్మకందారులకు ప్రాధాన్యం ఇస్తున్నాయన్న ఆరోపణమీద కాంపిటీషన్ కమిషన్ 2020 జనవరిలో దర్యాప్తుకు ఆదేశించింది. ఆ వెంటనే అది కోర్టుల చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. చిన్న అమ్మకందారు ఒక పండుగ సీజను నష్టపోతే దుకాణం మూస్తాడు. న్యాయం మాత్రం ఐదారు దసరాలు, దీపావళులు దాటినా తొందరపడదు.

వీటికి జవాబుగా ప్రభుత్వం చూపేది ఓఎన్‌డీసీ. 2021 డిసెంబరు 31న లాభాపేక్ష లేని సంస్థగా నమోదై, మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఐదు నగరాల్లో ప్రయోగాత్మకంగా మొదలైంది. ఆలోచన గొప్పది. యూపీఐ చెల్లింపులకు చేసినదాన్ని ఇది వాణిజ్యానికి చేయాలి. కానీ డబ్బుకు కొలతలూ రంగులూ ఉండవు, అది వెనక్కి రాదు. కుర్తీకి ఉంటాయి, వస్తుంది. పైగా చిన్న అమ్మకందారు ఆ నెట్‌వర్క్‌లోకి నేరుగా అడుగుపెట్టలేడు, మధ్యలో ఒక సెల్లర్ యాప్ కావాలి. దళారీని తొలగించే పథకంలో కొత్త దళారీ పుట్టాడు. రాష్ట్రం దాటే అమ్మకం నిబంధన ఇక్కడా మారదు.

ఇంత చేసి నిలబెట్టిన దుకాణాన్ని ఒక్క ఉత్తర్వు మూసివేయగలదు. 2019 ఆగస్టు 5 తర్వాత జమ్మూ కశ్మీర్‌లో ఇంటర్నెట్ ఆగింది. 4జీ పూర్తిగా తిరిగి వచ్చింది 2021 ఫిబ్రవరిలో. శాలువాలు, ఫెరన్లు ఫోన్లో అమ్ముకునేవారి సంగతి ఆనాటి ఢిల్లీ చర్చల్లో ఎవరికీ పట్టలేదు. మణిపుర్‌లో 2023 మే 3న నిలిచిన మొబైల్ ఇంటర్నెట్ డిసెంబరు దాకా సరిగా తెరుచుకోలేదు. స్త్రీలే నడిపే ఇమా కైతెల్ బజారు ఉన్న రాష్ట్రం అది. చేనేత అక్కడ ఇంటింటి పని. 2024 జూలైలో బంగ్లాదేశ్ విద్యార్థి ఉద్యమాన్ని అణచేందుకు షేక్ హసీనా ప్రభుత్వం అదే ఆయుధం వాడింది. ఫేస్‌బుక్ పేజీలే దుకాణాలుగా ఉన్న ఢాకా మహిళలకు ఆ రోజుల్లో ఆర్డరు లేదు, ఆదాయం లేదు. అనురాధా భసీన్ కేసులో మన సుప్రీంకోర్టు 2020 జనవరి 10న ఇంటర్నెట్ ద్వారా వ్యాపారం చేసుకునే స్వేచ్ఛకు రాజ్యాంగంలోని 19(1)(జి) అధికరణ రక్షణ ఉందని స్పష్టంగా చెప్పింది. పరీక్షల్లో కాపీయింగ్ ఆపడానికి సైతం ఇంటర్నెట్ ఆపే జిల్లా యంత్రాంగాలకు ఆ తీర్పు చేరినట్లు లేదు. బజారులో షట్టర్లు దింపించడానికి 144 సెక్షన్ పెడితే పత్రికలు మరునాడు వ్యాపార నష్టం లెక్కలు వేసేవి. ఫోన్లో మూతపడిన దుకాణానికి ఎవరూ లెక్క వేయరు.

చేనేత గురించి కొంత చెప్పకుండా ఈ చర్చ పూర్తికాదు. తెలుగు రాష్ట్రాల్లో ఇటువంటి దుకాణం తెరిచే వారిలో చాలామందికి కుర్తీలతో మొదలై మంగళగిరి, ఉప్పాడ, వెంకటగిరి, గద్వాల, నారాయణపేట చీరల దాకా వెళ్లాలని ఉంటుంది. 2019–20 చేనేత గణన దేశంలో 35 లక్షలకు పైగా చేనేత కార్మికులను లెక్కించింది. వారి కుటుంబాల్లో మూడింట రెండు వంతులు నెలకు ఐదువేల రూపాయలలోపు ఆదాయంతో ఉన్నాయి. మధ్యలో మాస్టర్ వీవర్, హోల్‌సేలు, షోరూము లేకుండా నేతగాని చేతినుంచి చీర కొనుగోలుదారుకు చేరితే ఆ ఐదువేలు పెరుగుతాయన్నది సహేతుకమైన ఆశ. కానీ తెరమీద చీరకు స్పర్శ ఉండదు. పోచంపల్లి ఇక్కత్ డిజైనును మిల్లు బట్టమీద అచ్చువేసి పోచంపల్లి పేరుతోనే నాలుగో వంతు ధరకు అమ్మే ప్రకటన, అసలు చీర పక్కనే అదే కొలతలో కనిపిస్తుంది. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చి రెండు దశాబ్దాలు దాటింది. కొన్ని రకాలను మగ్గానికే కేటాయిస్తూ 1985లో చేసిన చట్టం ఇంకా పుస్తకాల్లో ఉంది. వాటిని ఉల్లంఘించే అమ్మకం వేదికల మీద పట్టపగలు జరుగుతుంటే, ఫిర్యాదు చేసే భారం నేతగాళ్ల సంఘం మీద పడుతోంది. గుర్తింపు పొందిన పేరును వాడే అమ్మకందారు అధీకృత వినియోగదారు అవునా కాదా అని వేదికే ముందుగా సరిచూడాలన్న నిబంధన పెడితే సరిపోతుంది. ఏటా ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం జరిపి మంత్రులు కండువాలు కప్పుకుంటారు. 2015లో మొదలైన ఆ ఉత్సవానికి ఐదేళ్లు నిండే ముందే, 2020 జూలై చివర్లో, కరోనా నడుమ అఖిలభారత చేనేత బోర్డును రద్దు చేశారు.

చేయవలసింది పెద్దదేమీ కాదు. నమోదు పరిమితి లోపల ఉన్న అమ్మకందారు ఉద్యం సంఖ్య, పాన్ చూపి దేశంలో ఎక్కడికైనా బట్టలు పంపుకోవచ్చని ఒక నోటిఫికేషన్ ఇస్తే చాలు. ఏడాదికి ఒక్కసారి మొత్తం అమ్మకం తెలిపే ఒక పేజీ ప్రకటన అడిగితే చాలు. పరిమితి దాటినప్పుడు మామూలు నమోదు ఎలాగూ ఉంటుంది. కొందరు ఈ మినహాయింపును దుర్వినియోగం చేసి, ఒకే కుటుంబంలో నలుగురి పేరున నాలుగు దుకాణాలు చూపుతారన్న ఆక్షేపణ వస్తుంది. వస్తే రానీ. నలుగురి పేరున నాలుగు దుకాణాలు రాష్ట్రం లోపల ఇప్పుడూ నడుస్తున్నాయి. వాటిని పట్టుకోవడానికి పాన్, ఆధార్, బ్యాంకు ఖాతాల సమాచారమంతా పన్ను శాఖ చేతిలోనే ఉంది. 2025 సెప్టెంబరు సమావేశంలో జీఎస్టీ మండలి, వేదికల ద్వారా పలు రాష్ట్రాల్లో అమ్మే చిన్నవారికి సులభ నమోదు పద్ధతి ఉండాలని సూత్రప్రాయంగా ఒప్పుకుంది. అంటే సమస్య ఉందని మండలికి తెలుసు. పరిష్కారం మాత్రం పెద్ద వేదికలను ఆశ్రయించినవారికే పరిమితమైతే, సొంత వెబ్‌సైట్ పెట్టుకున్న చిన్నవారిని కూడా ఆ వేదికల్లోకే నెట్టినట్లవుతుంది.

జీఎస్టీ మండలి ఓటింగులో కేంద్రానికి మూడో వంతు బరువు, రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండు వంతులు. ఏ నిర్ణయానికైనా నాలుగింట మూడు వంతుల మద్దతు కావాలి. కేంద్రాన్ని కాదని రాష్ట్రాలు ఏదీ చేయలేవు, రాష్ట్రాలను కాదని కేంద్రమూ చేయలేదు. అయితే ఒక అంశాన్ని ఎజెండాలో చేర్చమని కోరడానికి మెజారిటీ అక్కరలేదు, ఒక ఆర్థికమంత్రి లేఖ చాలు. ఆంధ్రప్రదేశ్‌లో పాలిస్తున్న పార్టీ కేంద్ర ప్రభుత్వానికి లోక్‌సభలో ఆసరాగా ఉంది. తెలంగాణలో పాలిస్తున్న పార్టీ అదే సభలో ప్రతిపక్షానికి నాయకత్వం వహిస్తోంది. జగ్గయ్యపేట కుర్తీ కోదాడ చేరే విషయంలో ఈ రెంటికీ అభిప్రాయభేదం ఉండవలసిన కారణం కనిపించదు. లేఖ అమరావతి నుంచి వెళ్లినా, హైదరాబాద్ నుంచి వెళ్లినా చేరేది ఒకే చిరునామాకు.